కైలాస మానస పరిక్రమ: అడుగు వేయడానికి ముందు

దేవతామూర్తిని గాని, పవిత్ర పర్వతాన్ని గాని కుడివైపున ఉంచుకొని భక్తితో చుట్టూ నడవడమే ప్రదక్షిణం. ఆలయంలో కొద్ది నిమిషాలలో ముగిసే ఈ సేవ అరుణాచలంలో 14 కిలోమీటర్ల నడక. ఆషాఢ పౌర్ణమి సందర్భంగా సింహాచలంలో జరిగే గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కైలాస పర్వతం చుట్టూ ఇదే సేవ 52 కిలోమీటర్లు. దానికి మూడు రోజుల వ్యవధి. దూరాన్ని మాత్రమే చూస్తే సింహగిరిని చుట్టివచ్చినవారికి ఇది అసాధ్యమనిపించదు. నేనూ, మా అన్నయ్యా అలాగే భావించి బయలుదేరాము. ఆ భావనలోని పొరపాటును, యాత్రను సంకల్పించుకొన్న భక్తులకు ఉపకరిస్తుందని ఇక్కడ వివరిస్తున్నాను.

సరస్సు, పర్వతం

టిబెట్ పడమటి భాగంలో సముద్రమట్టానికి సుమారు 4,590 మీటర్ల ఎత్తున మానస సరోవరం ఉంది. దాని చుట్టుకొలత దాదాపు 90 కిలోమీటర్లు. దక్షిణాన 7,694 మీటర్ల గుర్లా మాంధాత, ఉత్తరాన 6,638 మీటర్ల కైలాసం దానికి కావలి కాస్తున్నట్లుంటాయి. పడమట, కూతవేటు దూరంలోనే రాక్షసతాల్ సరస్సు. మానసంలోని నీరు తియ్యన, రాక్షసతాల్ నీరు ఉప్పన. రెంటినీ గంగాఛూ అనే సన్నని కాలువ కలుపుతుంది. సింధు, శతద్రు, బ్రహ్మపుత్ర, కర్ణాలీ నదులు ఈ ప్రాంతంలోనే పుడుతున్నాయి.

హిందువులకు శివనివాసమైన ఈ పర్వతం జైనులకు, బౌద్ధులకు, టిబెట్‌లోని బోన్ మతస్థులకు కూడా పూజనీయమే. బోన్ మతస్థులు మాత్రం మనకు ఎదురుదిశలో పరిక్రమ చేస్తారు. దారిలో వారు ఎదురైనప్పుడు చిరునవ్వుతో తలవంచి పక్కకు తొలగడం మర్యాద.

ఈ సరస్సును గూర్చి తెలుగువారు గర్వంగా స్మరించదగిన పేరు స్వామి ప్రణవానందది. తూర్పు గోదావరి సీమలో జన్మించిన ఆయన అనేక పర్యాయాలు కైలాస మానస ప్రాంతంలో సంచరించారు. చలికాలంలో సైతం సరోవర తీరంలోని మఠంలో నివసించి, నీరు గడ్డకట్టే తీరును, ఆ మంచు పగిలే తీరును గమనించి గ్రంథస్థం చేశారు. ఆయన వ్రాతలలో భక్తి ఎంతో, ఓపిక అంత.

నడక స్వరూపం

పరిక్రమ దార్చెన్ గ్రామం నుండి ఆరంభమవుతుంది. మొదటి రోజు యమద్వారం దాటి, లాఛూ నది వెంట ఉత్తరదిశగా నడిచి దిరాపుక్ చేరాలి. దారి పెద్ద ఎక్కుడు కాదు. దిరాపుక్ ఎత్తు సుమారు 5,000 మీటర్లు. కైలాసం ఉత్తరముఖం అక్కడ నిట్టనిలువుగా దర్శనమిస్తుంది. రెండవ రోజు కఠినమైనది. సుమారు 5,630 మీటర్ల ఎత్తులోని డోల్మాలా కనుమను ఎక్కి, గౌరీకుండాన్ని పైనుండి దర్శించి, రాళ్ళ దారిలో దిగి జుతుల్‌పుక్ చేరాలి. మూడవ రోజు తేలికైన నడకతో తిరిగి దార్చెన్ వస్తాము.

గాలి పలుచన

కష్టం దూరంలో లేదు, ఎత్తులో ఉంది. డోల్మాలా వద్ద వాయుపీడనం సముద్రతీరంలోని దానిలో సగం మాత్రమే. ఒక్కొక్క శ్వాసలో దేహానికి అందే ప్రాణవాయువూ సగమే. సరోవర తీరంలో నీరు సుమారు 85 డిగ్రీల వద్దనే మరుగుతుంది. అందుచేత మామూలు గిన్నెలో బియ్యం పెట్టి ఇంటివద్ద కాచినంతసేపే కాచితే అన్నం పలుకుగానే మిగులుతుంది. ప్రెషర్ కుక్కర్ తప్పదు.

దేహం ఈ పలుచని గాలికి అలవాటు పడగలదు గాని, దానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే చోటును రోజుకు 500 మీటర్ల కంటే పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కకుండా విశ్రమించాలని వైద్యులు చెబుతారు. పూర్వం లిపులేఖ్ దారిన రోజుల తరబడి నడిచి వచ్చినవారికి ఈ అలవాటు నడకలోనే అబ్బేది. వాహనాలలో త్వరత్వరగా పైకి చేరుకొనే నేటి యాత్రికునికి ఆ సౌలభ్యమే ప్రమాదహేతువు.

తలనొప్పి, వికారం, నిద్రలేమి తొలి లక్షణాలు. అవి కనబడితే ఆగాలి. తగ్గేవరకు పైకి పోరాదు. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, మాట తడబడడం, నడక తూలడం ప్రాణాపాయ సూచనలు. అప్పుడు ఆలస్యం లేకుండా కిందికి దిగడమే ప్రధాన చికిత్స. ప్రాణవాయువు సిలిండరు, మందులు దిగడానికి తోడ్పడతాయి గాని, దిగడానికి ప్రత్యామ్నాయం కావు.

దిరాపుక్‌లో ఆ రాత్రి

అన్నయ్య మా అమ్మగారి కుంకుమభరిణెను వెంట తెచ్చుకొన్నారు. డోల్మాలా మీద దానిని నుదుట తాకించి మొక్కు చెల్లించాలని ఆయన సంకల్పం. దార్చెన్‌లోనే ఆయనకు తలనొప్పి మొదలైందట, నాకు చెప్పలేదు. దిరాపుక్‌లో భోజనం ముట్టలేదు. బూటు తాడు ముడివేయబోయి వేళ్ళు అటూఇటూ పోనిచ్చారు. మా మార్గదర్శి నేలమీద గీత గీసి, మడమను వేలికి ఆనిస్తూ దానిపై నడవమన్నాడు. మూడవ అడుగుకే అన్నయ్య తూలారు.

దిగవలసిందేనన్నాడు మార్గదర్శి. అన్నయ్యకు కోపం వచ్చింది. “అమ్మ పేర మొక్కుకొన్నానురా, ఇంకొక్క రోజే కదా” అన్నారు. నా మనసులోని మాట దాచను: ఆయనను మార్గదర్శితో పంపించి, నేను తక్కినవారితో ముందుకు సాగుదామా అని ఒక్క క్షణం ఆలోచించాను. కనుమ ఎదురుగానే ఉంది. నాకు తలనొప్పి అయినా లేదు.

ఆ రాత్రే ఇద్దరమూ దిగాము. సహాయకుల భుజాల ఊతతో కొంత, వాహనంలో కొంత ప్రయాణించి దార్చెన్ మీదుగా, సుమారు 3,900 మీటర్ల ఎత్తులోని పురాంగ్ చేరాము. మరునాటి సాయంకాలానికి అన్నయ్య మాట తేటపడింది. తన బూటు తాడు తానే ముడివేసుకొన్నారు. నాతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

నా మనసులో మెదిలిన ఆలోచనను ఆయనతో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆయన విని, “కొండ ఎక్కడికీ పోదులేరా” అన్నారు. భరిణె ఆయన పూజామందిరంలో ఉంది. ఏటా సింహాచలం గిరిప్రదక్షిణలో అది ఆయన భుజానికున్న సంచిలో మాతో నడుస్తుంది.

సంకల్పించినవారికి

టిబెట్ పంచాంగం ప్రకారం అశ్వనామ సంవత్సరంలో చేసే పరిక్రమకు విశేషఫలమని అక్కడివారి విశ్వాసం. 2026 అటువంటి వత్సరమే. వెళ్ళదలచినవారు ఆరు నెలల ముందు నుండే నడకను, మెట్లు ఎక్కడాన్ని అలవరచుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల పరీక్ష తప్పనిసరి. వైద్యుని అడగకుండా ఏ మందూ వాడరాదు. దారిలో విశ్రాంతి దినాలు ఉన్న యాత్రనే ఎంచుకోవాలి. మాటలాడుతూ నడవగలిగినంత నెమ్మదిగా నడవాలి. అన్నింటికీ మించి, తలనొప్పిని తోటివారి వద్ద దాచరాదు.

తోడు వెళ్ళేవారు మరొక మాట ముందే నిశ్చయించుకోవాలి: ఒకరు దిగవలసి వస్తే ఎవరు వెంట దిగుతారు? ఆ ప్రశ్నకు ఇంటివద్ద, దీపం ముందు కూర్చొని సమాధానం చెప్పుకోవడం సులభం. 5,000 మీటర్ల ఎత్తున, కనుమ ఎదురుగా కనబడుతూ ఉండగా, అది ఎంత కష్టమో నేనెరుగుదును.