గనికి వెళ్లే రాతిపొడి: మెష్ తప్పితే ముప్పు

సున్నపురాయి పొడికి గిరాకీ ఎక్కడెక్కడ నుండి వస్తుందో వర్తకులకు తెలిసినదే. కోళ్ల దాణా, గాజు, రంగులు, ప్లాస్టిక్ గొట్టాలు - ఈ పరిశ్రమలన్నీ ఈ సరుకును కొంటాయి. వీటితో పాటు భూగర్భ బొగ్గు గనులు కూడా కొంటాయి. గనులలో దీనిని స్టోన్ డస్ట్ అంటారు. మిగిలిన కొనుగోలుదారులకు పంపిన పొడి ముతకగా ఉంటే సరుకు వాపసు వస్తుంది, లేదా ధరలో కోత పడుతుంది. గనికి పంపిన పొడి ముతకగా ఉంటే ఆ తేడా మామూలు రోజుల్లో ఎవరి కంటా పడదు. పేలుడు జరిగిన నాడే బయటపడుతుంది. అందుచేత ఈ పొడికి మెష్, సిలికా, తేమ లెక్కలు ఎందుకు పెట్టారో దీనిని అమ్మేవారు, కొనేవారు తెలుసుకోవడం అవసరం.

పేలేది గ్యాసు ఒక్కటే కాదు

భూగర్భ గనులలో పేలుడు అనగానే మీథేన్ గ్యాసు గుర్తుకు వస్తుంది. గ్యాసు లేకపోయినా గాలిలోకి లేచిన మెత్తని బొగ్గు ధూళి తనంతట తానే పేలుడును మోసుకుపోగలదన్న సంగతిని చాలాకాలం పలువురు నిపుణులు ఒప్పుకోలేదు. 1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనులలో జరిగిన ప్రమాదం ఆ వాదాన్ని ముగించింది. అక్కడ 1,099 మంది మరణించారు. సుమారు 110 కిలోమీటర్ల సొరంగ మార్గాల్లో పేలుడు పాకింది. అంత దూరం దానిని నడిపించినది బొగ్గు ధూళియే.

పేలుడు రెండు అంచెలుగా సాగుతుంది. మొదట ఎక్కడో కొద్దిపాటి గ్యాసు అంటుకుంటుంది, లేదా మందుగుండు పేల్చినప్పుడు మంట వస్తుంది. ఆ దెబ్బకు పుట్టిన గాలి ముందుకు దూసుకుపోతూ నేల మీద, గోడల మీద, కప్పు మీద పేరుకున్న బొగ్గు ధూళిని పైకి లేపుతుంది. వెనుకనే వస్తున్న మంట ఆ ధూళిని అంటిస్తుంది. అది మరింత గాలిని ముందుకు తోస్తుంది. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగకపోతే గని అంతా తగలబడుతుంది.

గొలుసును తెంచే పొడి

ఈ గొలుసును తెంచే ఉపాయం ఇంగ్లండు గనులలో దొరికింది. 1886లో యార్క్‌షైర్‌లోని ఆల్టాఫ్ట్స్ గనిలో పేలుడు జరిగి 22 మంది మరణించారు. రాతి ధూళి ఎక్కువగా ఉన్న మార్గాల్లో మంట ముందుకు సాగలేదని ఆ గని మేనేజరు విలియం గార్ఫోర్త్ గమనించాడు. కూరియేర్ ప్రమాదం తరువాత, 1908లో, పాత బాయిలర్ల డొల్లలను వరుసగా బిగించి నేల మీదనే ఒక సొరంగం తయారు చేయించి అందులో పేలుళ్లు జరిపి పరీక్షించారు. ఫ్రాన్స్‌లో లియెవాన్ వద్ద తఫనెల్ అనే ఇంజనీరు ఇటువంటి ప్రయోగాలే చేశాడు. అమెరికా ప్రభుత్వం 1910లో గనుల బ్యూరోను స్థాపించి, బ్రూస్టన్ వద్ద పరిశోధనల కోసమే ఒక గనిని తవ్వించింది.

అన్ని ప్రయోగాలలోనూ తేలినది ఒక్కటే. బొగ్గు ధూళిలో మండని రాతిపొడి తగినంత కలిసి ఉంటే, పేలుడు గాలికి రెండూ కలిసే పైకి లేస్తాయి. రాతిపొడి మంటలోని వేడిని పీల్చుకుంటుంది. వేడి చాలక బొగ్గు రేణువులు అంటుకోవు, మంట అక్కడితో ఆగిపోతుంది.

పాళ్ల లెక్క

ఎంత పొడి కావాలన్నది బొగ్గు జాతిని బట్టి ఉంటుంది. వాయు పదార్థం ఎక్కువగా ఉన్న బొగ్గు త్వరగా అంటుకుంటుంది గనుక దానికి ఎక్కువ పొడి కావాలి. మన దేశంలో 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు ఈ తేడాను లెక్కలోకి తీసుకున్నాయి. బూడిద, తేమ తీసివేసి చూస్తే వాయు పదార్థం 30 శాతానికి మించని బొగ్గు గనిలో, మార్గాలలోని ధూళిలో మండే పదార్థం 25 శాతానికి మించరాదు. వాయు పదార్థం 30 శాతం దాటితే మండే పదార్థం 15 శాతానికి మించరాదు. పొడికి బదులు ధూళిని నీటితో తడిపి ఉంచే పద్ధతికి కూడా అనుమతి ఉన్నది. 1957 నిబంధనల స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి.

శాతాల్లో కొద్దిగా కనిపించే తేడా తూకంలో చాలా పెద్దది. బొగ్గులోనే ఉండే బూడిదను పక్కన పెట్టి చూస్తే, మండని పదార్థం 75 శాతం ఉండాలంటే కిలో బొగ్గు ధూళికి 3 కిలోల పొడి కావాలి. 85 శాతం ఉండాలంటే అయిదున్నర కిలోలకు పైగా కావాలి.

అమెరికాలో ఈ లెక్క 2010లో మారింది. గనిలోకి మంచి గాలి వచ్చే మార్గాలలో మండని పదార్థం 65 శాతం ఉంటే చాలునని అక్కడ అంతకు ముందు నియమం. అది 1920 దశకంలో దొరికిన బొగ్గు ధూళిని చూసి కట్టిన లెక్క. ఆ నాటి ధూళిలో 200 మెష్ జల్లెడ గుండా జారేది సుమారు 20 శాతం. యంత్రాలతో తవ్వకం పెరిగాక అది సుమారు 31 శాతానికి చేరినదని అక్కడి జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ పరిశోధకులు తేల్చారు. ధూళి మెత్తబడిన కొద్దీ పేలుడు గుణం పెరుగుతుంది. అందుచేత 80 శాతం ఉండాలని వారు సిఫారసు చేశారు. 2010 సెప్టెంబరులో అత్యవసర ఉత్తర్వుగా, 2011లో శాశ్వత నియమంగా అది అమలులోకి వచ్చింది. 65 శాతానికి కిలో ధూళికి కిలోన్నర పైచిలుకు నుండి రెండు కిలోల లోపు పొడి సరిపోయేది. 80 శాతానికి నాలుగు కిలోలు కావాలి. అంటే వాడకం రెట్టింపు దాటినది.

ఆ మార్పుకు తొందర పెట్టినది ఒక ప్రమాదం. 2010 ఏప్రిల్ 5న వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో పేలుడు జరిగి 29 మంది మరణించారు. కొద్దిపాటి గ్యాసు అంటుకున్నదని, రాతిపొడి తగినంత చల్లకపోవడం వల్ల అది పెద్ద బొగ్గు ధూళి పేలుడుగా మారిందని ప్రభుత్వ విచారణలో తేలింది. మన దేశంలోనూ 1965 మే 28న ధోరీ గనిలో జరిగిన పేలుడులో 268 మంది ప్రాణాలు కోల్పోయారు.

సరుకు నాణ్యత

పొడి ఎంత మెత్తగా ఉండాలో అమెరికా నియమాలు స్పష్టంగా చెబుతాయి. మొత్తం సరుకు 20 మెష్ జల్లెడ దాటాలి. కనీసం 70 శాతం 200 మెష్ జల్లెడ దాటాలి. మండే పదార్థం 5 శాతానికి మించరాదు. సిలికా 4 శాతానికి, అటువంటి సరుకు దొరకని చోట 5 శాతానికి మించరాదు. తడిసి ఆరిన తరువాత గడ్డకట్టరాదు. కొద్దిపాటి గాలికే విడిపోవాలి.

ప్రతి షరతుకూ కారణం ఉన్నది. కలకండ కంటె పంచదార నీటిలో త్వరగా కరిగినట్లే, ముతక రేణువు కంటె మెత్తని రేణువు వేడిని త్వరగా పీల్చుకుంటుంది. పేలుడు వచ్చినప్పుడు ఉండే వ్యవధి చాలా తక్కువ. ముతక రేణువు వేడెక్కేలోగా మంట దాటిపోతుంది. గడ్డకట్టిన పొడి గోడనే అంటిపెట్టుకుని ఉంటుంది. బొగ్గు ధూళి పైకి లేస్తుంది, పొడి లేవదు. తూకానికి సరుకు వచ్చినట్లే ఉంటుంది, పనికి మాత్రం రాదు.

2010 తరువాత అమెరికా గనులలో సేకరించిన 393 నమూనాలను పరీక్షించగా దాదాపు సగం మెష్ పరీక్షలో తప్పాయి. తడిపి ఆరబెట్టిన నమూనాలు గడ్డకట్టాయి. కాగితం మీద నాణ్యమైన సరుకు, గనిలో నాసిరకం సరుకు అయిందన్నమాట. దరిమిలా స్టియరిక్ యాసిడ్ వంటివి పట్టించి గడ్డకట్టకుండా చేసిన పొడిపై పరిశోధనలు సాగాయి.

పేరు ఒకటే, సరుకు వేరు

సిలికా షరతు ఆరోగ్యానికి సంబంధించినది. పొడి చల్లే కార్మికుడు దానిని పీలుస్తాడు. స్ఫటిక రూపంలోని సిలికా ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. పేలుడును ఆపడానికి తెచ్చిన పొడి ఊపిరి తీయరాదన్నదే ఈ షరతు ఉద్దేశం.

ఇక్కడ వర్తకులు ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఇళ్ల నిర్మాణంలో స్టోన్ డస్ట్ అంటే గ్రానైట్ క్రషర్ దగ్గర వచ్చే పొడి. గ్రానైట్‌లో సుమారు 70 శాతం సిలికా ఉంటుంది. ఈ సరుకు గనికి పనికిరాదు. అలాగే సిమెంటుకు పనికివచ్చే ప్రతి సున్నపురాయీ గనికి పనికివస్తుందని అనుకోరాదు. సిమెంటు తయారీకి సిలికా ఎలాగూ కావాలి గనుక కొంత సిలికా ఉన్న రాయిని అక్కడ వద్దనరు. గనికి ఆ రాయినే పొడి చేసి పంపితే షరతు తప్పవచ్చు.

గిరాకీ తీరు

సింగరేణి గనులు 1889లో ఇల్లెందు వద్ద భూగర్భ తవ్వకంతోనే మొదలయ్యాయి. ఇప్పుడు ఆ సంస్థ ఉత్పత్తిలో చాలా భాగం ఓపెన్‌కాస్టు గనుల నుండి వస్తున్నది. అందుచేత గనుల పొడికి గిరాకీ ఒక్కసారిగా ఎగసే సూచనలు తక్కువ. అయితే చల్లిన పొడి మీద రోజూ కొత్త బొగ్గు ధూళి పడుతూనే ఉంటుంది. కాగితమంత పలుచని పొర పైన పేరుకున్నా ప్రమాదమేనని ప్రయోగాలు చెబుతున్నాయి. కాబట్టి భూగర్భ గని నడిచినంత కాలం పొడిని మళ్లీ మళ్లీ చల్లవలసిందే, కొనవలసిందే.

టెండరులో ఇచ్చిన కొలతలే సరఫరాదారుకు ప్రమాణం. ప్రతి లోడుకూ జల్లెడ పరీక్ష, సిలికా పరీక్ష ఫలితాలను జతచేయడం, బస్తాలు తేమ తగలకుండా నిల్వచేయడం ఖర్చుతో కూడిన పనులే. ఆ ఖర్చును ధరలో చూపి అమ్మడం న్యాయమైన బేరం. ధర తగ్గించి మెష్ తప్పించడం వల్ల టన్నుకు మిగిలేది కొద్దిపాటి సొమ్ము. దానికి బదులుగా ఒక షిఫ్టులో దిగిన కార్మికులందరి ప్రాణాలు పణంగా పెట్టినట్లవుతుంది.