మగ్గం గదికి ఎండే హీటరు

లేహ్‌లో చలికాలం రాత్రుళ్లు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల దాకా పడిపోతుంది. పొలం పనులు లేని ఈ నెలల్లోనే ఇళ్లలో ఉన్ని వడకడానికి, నేయడానికి తీరిక దొరుకుతుంది. కానీ వేళ్లు కొంకర్లు పోతుంటే దారం తీసేదెలా? గదిలో బుఖారీ అనే రేకు పొయ్యి వెలిగించాలి. చెట్లు అరుదైన ఆ శీతల ఎడారిలో కట్టెలు ఖరీదు. పైగా పొగ.

అక్కడ కొరత లేనిది ఎండ ఒక్కటే. సుమారు 3,500 మీటర్ల ఎత్తు కావడంతో గాలి పలచన, మబ్బులూ తక్కువ. అందుకే లద్దాఖ్‌లో చాలాచోట్ల దక్షిణపు గోడనే హీటరుగా మార్చారు. గోడకు నల్లరంగు వేసి, కొద్ది ఎడంతో ముందు గాజు బిగిస్తారు. వెలుగు గాజును దాటి వస్తుంది. వేడెక్కిన గోడ వెదజల్లే పరారుణ కిరణాలను మాత్రం గాజు బయటికి పోనివ్వదు. ఇలాంటి ఏర్పాటుకు ఎడ్వర్డ్ మోర్స్ 1881లోనే అమెరికాలో పేటెంటు పొందారు. పేరు మాత్రం 1960లలో ఫ్రాన్స్‌లో దీన్ని ఇళ్లకు వాడి చూపిన ఫెలిక్స్ ట్రాంబ్‌కు దక్కింది.

అయితే పనిగదికి ఒట్టి ట్రాంబ్ గోడ చాలదు. మందపాటి మట్టిగోడలో వేడి ఇవతలికి చేరడానికి గంటలు పడుతుంది. పడకగదికి అది వరమే. మగ్గం ముందు కూర్చునేవారికి వేడి కావలసింది పగటిపూట. అందుకని గోడకు కింద, పైన కంతలు పెడతారు. గదిలోని చల్లగాలి కింది కంతలోంచి గాజు వెనక్కి వెళ్లి, వేడెక్కి, తేలికై, పై కంతలోంచి గదిలోకి వస్తుంది. ఫ్యాను అక్కర్లేదు. గోడకు బదులు పలచటి నల్లరేకు వాడితే గాలి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. రాత్రి ఈ ప్రవాహం తిరగబడుతుంది కాబట్టి కంతలు మూయడం మరిచిపోకూడదు. నీళ్ల కలెక్టరుతో వచ్చే చిక్కు, అంటే నీరు గడ్డకట్టి గొట్టాలు పగలడం, గాలితో రాదు.

గాజు నిలువుగా ఉండటంలోనూ లెక్క ఉంది. లేహ్ 34 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్న సూర్యుడు అక్కడ 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనుక కిరణాలు గాజు మీద దాదాపు ఎదురుగా పడతాయి. జూన్‌లో 79 డిగ్రీలకు ఎక్కుతాడు; అప్పుడు గాజును రాసుకుంటూ జారిపోతాయి.

చదరపు మీటరుకు 800 వాట్ల ఎండ పడి, అందులో 40 శాతం గదికి అందిందనుకుందాం. 4 చదరపు మీటర్ల గాజు దాదాపు 1,300 వాట్లు ఇస్తుంది. చిన్న రూమ్ హీటరంత! కానీ తలుపు సందులు, పలచటి పైకప్పు దాన్ని ఇట్టే తాగేస్తాయి. నన్నడిగితే గాజు కొనేముందు కప్పులో గడ్డి, రంపపు పొట్టు దట్టించాలి. మబ్బు పట్టిన రోజున మాత్రం బుఖారీ వెలిగించక తప్పదు.