తుఫాను వార్త మీ పిల్లలకు అర్థమవుతోందా? 6, 7, 8 తరగతుల వాళ్లకు వార్త చదవడం నేర్పాల్సింది ఇలా!

కథ చదవమంటే గడగడా చదివేస్తారు. పద్యం అప్పజెప్పమంటే ఆగకుండా అప్పజెప్తారు. అదే పిల్లాడికి పేపర్‌లో వచ్చిన తుఫాను వార్త ఇచ్చి, 'ఇందులో ఏముంది, మనం ఏం చేయాలి?' అని అడిగితే? చాలామంది హెడ్డింగ్ దగ్గరే ఆగిపోతారు. నెల్లూరు తీరంలో ఇది మార్కుల సమస్య మాత్రమే కాదు. బోటు నీళ్లలోకి దించాలా వద్దా, ఇల్లు వదిలి షెల్టర్‌కి వెళ్లాలా వద్దా అనేది ఒక్కోసారి ఆ నాలుగు లైన్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఇంట్లో చదువుకున్నది ఆ ఎనిమిదో తరగతి పిల్లే అయితే, ఆ లైన్లు చదివి చెప్పాల్సింది కూడా ఆ పిల్లే.

1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును పెద్దవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పుడు సమాచారం రేడియోలో వచ్చేది. ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది. సమాచారం ఎక్కువైంది. దాన్ని జల్లెడ పట్టడమే రావాలి.

ఈ వయసులోనే ఎందుకు?

మూడో తరగతి వరకు పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆ తర్వాత చదివి నేర్చుకోవాలి. సైన్స్, సోషల్ పాఠాలన్నీ కథలు కావు, వ్యాసాలే. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ మిషన్ లక్ష్యం కూడా మూడో తరగతి పూర్తయ్యేలోపు చదవడం, లెక్కలు రావాలనే. అసర్ సర్వేలో పిల్లలకు ఇచ్చే పెద్ద పరీక్ష రెండో తరగతి స్థాయి కథ చదవడం. అంటే అక్షరాలు కూడబలుక్కోవడం వరకు కొలుస్తున్నాం. వ్యాసం చదివి అందులో ఏది నిజం, ఏది అంచనా అని విడదీయడం వచ్చా రాదా అన్నది ఈ లెక్కలోకి రావట్లేదు.

ఇది మన దగ్గరే ఉన్న లోటు కూడా కాదు. 2016లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక న్యూస్ వెబ్‌సైట్ పేజీని మిడిల్ స్కూల్ పిల్లలకు చూపించారు. అందులో డబ్బులిచ్చి వేయించుకున్న ప్రకటన ఏది, వార్త ఏది అని అడిగితే 80 శాతానికి పైగా పిల్లలు ప్రకటననే వార్త అనుకున్నారు. ఫోన్ వాడటం రావడం వేరు, ఫోన్‌లో ఉన్నది చదవడం రావడం వేరు.

మొదటి మెట్టు: మూడు ప్రశ్నలు

వార్త చేతికివ్వగానే చదవమనకూడదు. ముందు మూడు ప్రశ్నలు అడగాలి.

1. ఎప్పటిది? తేదీ, టైమ్ చూడాలి. నిన్న సాయంత్రం బులెటిన్ ఈ రోజు ఉదయానికి పాతబడిపోతుంది. తేదీ ఎంత ముఖ్యమో చెప్పడానికి దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. పాత వ్యాసాల్లో పులికాట్, సూళ్లూరుపేట, శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉన్నాయని ఉంటుంది. కొత్త వాటిలో తిరుపతి జిల్లా అని ఉంటుంది. రెండూ తప్పు కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. వ్యాసం ఎప్పుడు రాశారో చూడని పిల్లాడు మాత్రం ఏదో ఒకటి తప్పనుకుంటాడు.

2. ఎవరు చెప్పారు? వాతావరణ శాఖా, విపత్తుల నిర్వహణ సంస్థా, ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజా? 'అధికారులు అంటున్నారు' అని ఉంటే ఏ అధికారులు అని వెతకాలి.

3. ఎవరికి చెప్పారు? 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు' అన్నది ఒకరికి. 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అన్నది ఇంకొకరికి. ఇందులో మన ఇల్లు దేని కిందికి వస్తుంది?

రెండో మెట్టు: మాటకు కొలత ఉంది

కథలో 'పెద్ద గాలి' అంటే ఎంత పెద్దదైనా ఊహించుకోవచ్చు. వార్తలో అలా కుదరదు. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను.. ఇవి రాసేవాళ్లు ఇష్టమొచ్చినట్టు వాడే మాటలు కావు. గాలి వేగం గంటకు 62 నుంచి 88 కిలోమీటర్ల మధ్య ఉంటేనే తుఫాను. 89 నుంచి 117 అయితే తీవ్ర తుఫాను. 62 కంటే తక్కువైతే అది ఇంకా తుఫాను కాదు.

వర్షానికీ అంతే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. 'ఒకటి రెండు చోట్ల' అనే మాటకు కూడా లెక్కుంది. ఆ ప్రాంతంలోని వర్షపాత కేంద్రాల్లో పావు వంతు వరకు పడొచ్చని దాని అర్థం. అంటే మన ఊళ్లో చినుకు పడకపోయినా వార్త అబద్ధం అయిపోదు.

పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికలు ఇంకో మంచి పాఠం. కృష్ణపట్నంలో నంబర్ పెంచారనగానే ప్రమాదం అంత పెరిగిందని చాలామంది అనుకుంటారు. కానీ 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే. తుఫాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుంది, లేక రేవు మీదుగానే దాటుతుందా అన్నదే వాటి మధ్య తేడా. ఇక 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. నంబర్ చూసి భయపడటం కంటే, అది ఏం చెప్తోందో చదవడం ముఖ్యమన్నమాట.

మూడో మెట్టు: జరిగిందా? జరగొచ్చా?

వార్తలో ప్రతి వాక్యం ఒకే రకం కాదు. జరిగిపోయింది ఒకటి, జరగొచ్చని అంచనా ఒకటి, ఎవరో చెప్పిన అభిప్రాయం ఒకటి. పిల్లలతో మూడు రంగుల పెన్సిళ్లు పట్టించి వాక్యాల కింద గీతలు గీయిస్తే చాలు, తేడా కళ్లకు కనిపిస్తుంది.

2023 డిసెంబర్‌లో వచ్చిన మిచౌంగ్ తుఫానే తీసుకోండి. నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని ముందు అంచనా వేశారు. చివరికి డిసెంబర్ 5న బాపట్ల దగ్గర దాటింది. అంచనా తప్పినట్టా? కాదు. బాపట్ల ఆ రెండింటి మధ్యే ఉంది. 'మధ్య' అనే మాట ఒక చోటును కాదు, ఒక పరిధిని చెప్తుంది. మ్యాప్ పక్కన పెట్టుకుని చదివితే పిల్లలకు ఇది నిమిషంలో అర్థమవుతుంది. ఇంకో మాట.. బాపట్లలో తీరం దాటింది కాబట్టి నెల్లూరుకు ఏం కాలేదనుకోవడం కూడా తప్పే. తుఫాను తీరం పక్కనుంచే పైకి కదిలింది. దాటకముందే ఇక్కడ భారీ వర్షాలు కురిశాయి.

హెడ్డింగ్ వేరు.. లోపల ఉన్నది వేరు

2021 మే నెల గుర్తుందా? కరోనా సెకండ్ వేవ్ టైమ్‌లో ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నానికి వేల మంది తరలివచ్చారు. పంపిణీ ఆగింది, పరిశీలన జరిగింది. మే 31న కొన్ని రకాల మందులు ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది, కంట్లో వేసే చుక్కల మందుకు మాత్రం ఒప్పుకోలేదు. చాలామందికి చేరింది 'అనుమతి వచ్చింది' అనే రెండు మాటలే. కానీ అనుమతి ఇవ్వడం ఒకటి, జబ్బు తగ్గిస్తుందని నిరూపణ కావడం ఇంకొకటి. డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దనే సూచన కూడా ఆ వార్తలోనే ఉంది.

ఇక్కడ పిల్లలకు 'ఆ మందు మంచిదా, చెడ్డదా' అని తీర్పు చెప్పాల్సిన పని లేదు. 'ఈ వార్తలో ఏది నిరూపణ అయింది? ఏది కాలేదు? ఎవరు ఎవరికి ఏం చెప్పారు?' అని అడిగితే చాలు. సొంత ఊరి పేరు వచ్చిన వార్తను కూడా చల్లగా చదవగలగడం ఈ చదువులో అన్నిటికంటే కష్టమైన భాగం.

తెలిసిన విషయంతో మొదలుపెడితే..

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 7, 8 తరగతుల పిల్లలు 64 మందితో ఒక బేస్‌బాల్ మ్యాచ్ వర్ణన చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివినా ఆట తెలియని పిల్లల కంటే విషయాన్ని బాగా పట్టుకున్నారు. తెలిసిన విషయం చదువుకు అంత ఊతమిస్తుంది.

పట్టపుపాలెం పిల్లలకు పోటు, పాటు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ గాలికి సముద్రం ఎలా ఉంటుందో వాళ్ల ఇంట్లో రోజూ మాట్లాడుకునేదే. అలాంటి పిల్లాడికి మొదటి వ్యాసంగా ఎక్కడో మంచు ప్రాంతం గురించి ఇస్తే తడబడతాడు. వేట నిషేధం వార్త ఇచ్చి చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఎందుకు 61 రోజులు? ఏ బోట్లకు వర్తిస్తుంది? ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుంది, వార్తలో అది రాశారా, వదిలేశారా? ఈ చివరి ప్రశ్న పిల్లలే వేస్తారు. వ్యాసంలో లేనిది ఏంటో పట్టుకున్నారంటే విశ్లేషణ మొదలైనట్టే. రొయ్యల చెరువుల ఊళ్లలో రొయ్య రేట్ల వార్త, పులికాట్ పక్కన ఫ్లెమింగోల వార్త.. ఎక్కడి పిల్లలకు అక్కడిది.

ఒక పీరియడ్ చాలు

దీనికి స్మార్ట్ బోర్డు అక్కర్లేదు. పాత పేపర్ కటింగ్ ఉంటే సరిపోతుంది.

• మొదటి 5 నిమిషాలు: హెడ్డింగ్ మాత్రమే చూపించి, లోపల ఏముంటుందో ఊహించమనాలి.
• తర్వాత 10 నిమిషాలు: ఒకసారి మౌనంగా, ఒకసారి పైకి చదవాలి. తెలియని మాటల కింద గీత గీయాలి.
• 10 నిమిషాలు: జరిగింది, అంచనా, అభిప్రాయం విడదీయాలి.
• 10 నిమిషాలు: ఇద్దరిద్దరు కూర్చుని, అదే విషయం మీద ఇంకో పేపర్ వార్తతో పోల్చాలి.
• చివరి 5 నిమిషాలు: ఇంట్లో అమ్మకో నాయనకో చెప్పాలంటే ఎలా చెప్తారో మూడు వాక్యాల్లో రాయాలి. చూసి రాయకూడదు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలైతే చర్చ తెలుగులో జరిగినా నష్టం లేదు. రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. ముందు విషయం అర్థమైతే భాష మార్చుకోవడం తేలిక.

ఈ జిల్లాకు ఇది కొత్త కాదు

చదివింది మన ఊరికి ఎలా వర్తిస్తుందని అడగడం నెల్లూరు జిల్లాకు తెలిసిన విద్యే. 1990ల మొదట్లో దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద పాఠం చదివారు. చదివి పుస్తకం మూసేయలేదు. మన ఊళ్లో జరుగుతున్నదీ ఇదే కదా అని మాట్లాడుకున్నారు, సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది. వాళ్లు అప్పుడే అక్షరాలు నేర్చుకున్నవాళ్లు.

ఏడేళ్లుగా బడికి వెళ్తున్న పిల్లాడికి ఆ పాటి ప్రశ్న వేయడం కష్టమేం కాదు. అడిగేవాళ్లు కావాలి అంతే. ఈసారి ఫోన్‌లో తుఫాను వార్త వచ్చినప్పుడు మీరే చదివి చెప్పకండి. ఫోన్ పిల్లల చేతికిచ్చి, 'ఎప్పటిది, ఎవరు చెప్పారు, మనమేం చేయాలి?' అని అడిగి చూడండి.