పొలం నుండి బడి పళ్ళెంలోకి

గోదావరి సీమలోని లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళ చూడక వడ్డించిన అన్నదాత్రి డొక్కా సీతమ్మగారు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకం 2024 నుండి ఆ మహాతల్లి పేరుతోనే నడుస్తున్నది.

ఈ భోజనంలో ప్రాథమిక తరగతుల బాలలకు రోజుకు 50 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల వారికి 75 గ్రాముల కూరగాయలు ఉండాలని జాతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. నూరుగురు చిన్నారులున్న ప్రాథమిక పాఠశాలకు రోజుకు కావలసినవి 5 కిలోలే. ఊరిలోని చిన్న రైతు సమకూర్చగల పరిమాణమిది. నిల్వ ఉన్నకొద్దీ ఆకుకూరలలోని సి విటమిన్ తరిగిపోతుంది. తెల్లవారి కోసిన తోటకూర మధ్యాహ్నానికే వంటశాల చేరితే పిల్లలకు పోషణ, రైతుకు నిలకడైన కొనుగోలు రెండూ లభిస్తాయి.

అయితే పళ్ళెంలో మిగిలిపోయిన కూర ఎవరికీ బలమివ్వదు. స్వయంగా విత్తు నాటి, నీరు పోసి పెంచిన కూరను బిడ్డ మక్కువతో రుచి చూస్తాడు. అందుకే కేంద్ర ప్రభుత్వం 2019లో పాఠశాల పోషకాహార తోటలకు మార్గదర్శకాలు వెలువరించింది. స్థలం లేనిచోట కుండీలైనా చాలును. ఆకుకూరలోని ఇనుము రక్తవృద్ధికి అవసరమనీ, దానిపై పిండిన నిమ్మరసం ఆ ఇనుమును దేహానికి పట్టిస్తుందనీ ఆ తోటలోనే బోధించవచ్చు.

అన్నదానానికి విరాళమిచ్చే భక్తులు తమ ఊరి బడితోటకు విత్తనాలు, కంచె, నీటి వసతి సమకూర్చవచ్చు. రైతులైనవారు ఒక పూట పిల్లలను తమ పొలానికి ఆహ్వానించవచ్చు. తినే ముద్ద ఎక్కడ పండిందో ఎరిగిన బిడ్డ అన్నాన్ని పారవేయడు. అన్నదాన ఫలం సంపూర్ణమయ్యేది అప్పుడే.