ఆ రెండు కిలోల కథ

బాక్సింగ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది విజేందర్ సింగ్. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మిడిల్ వెయిట్, అంటే 75 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చాడు. మన తెలుగునేలకి ప్రపంచ కిరీటం తెచ్చింది మాత్రం అందులో మూడింట రెండొంతుల బరువుండే అమ్మాయి, నిజామాబాద్ నిఖత్ జరీన్.

నెల్లూరు తీరాన, మైపాడు ఒడ్డున చేపల తూకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. కాటా దగ్గర వంద గ్రాములు అటూ ఇటూ అయితే గొడవే! బాక్సర్లకీ అంతే. పోటీరోజు ఉదయం కాటా ఒప్పుకోకపోతే రింగులోకి దిగనివ్వరు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ 52 కిలోల ఫైనల్‌ని 5-0తో గెలిచింది. అయితే పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగమే లేదు. ఎక్కితే 54, దిగితే 50. ఆమె దిగింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్.

2024 పారిస్‌లో సీడింగ్ దక్కలేదు. రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ ఊ యూ ఎదురైంది. 5-0తో ఓటమి. బరువు కోసం రెండు రోజులు తిండి మానేశానని తర్వాత నిఖతే చెప్పింది. ఊ యూ చివరికి స్వర్ణం గెలిచింది.

నిఖత్‌కి ఒలింపిక్ పతకం లేదని పెదవి విరిచేవాళ్లున్నారు. రెండు బరువుల్లో రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచిన పిల్లండీ! ఆ మాట అనేముందు ఆ రెండు కిలోలనీ ఓసారి తూచి చూడండి.