మీకు తెలుసా? పర్వత్ పాటియాలో నిలబడి నగరాన్ని కొలిస్తే…

సూరత్ తూర్పు వైపు, బట్టల మార్కెట్లకు చేరువలో ఉన్న పేట పర్వత్ పాటియా. నగరం నిజంగా బాగుపడుతోందా అన్న ప్రశ్నకు ఇక్కడ చాలా జవాబులు దొరుకుతాయి.

• గుజరాతీలో పాటియు అంటే పలక. పెద్ద రోడ్డు మీంచి ఊళ్లోకి తిరిగే చోట, ఊరి పేరు పలక ఉండే మలుపు పాటియా. సుస్థిరాభివృద్ధి లెక్కల్లో సూచిక కూడా అలాంటి పలకే. దారి చూపుతుంది, అదే ఊరు కాదు.

• ఐక్యరాజ్యసమితి 2015లో 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు పెట్టుకుంది. నగరాలది 11వ లక్ష్యం. 2021లో నీతి ఆయోగ్ మన దేశంలో 56 నగరాలను 77 సూచికలతో తూచింది.

• 11వ లక్ష్యంలో రవాణాకు కొలత బస్సుల సంఖ్య కాదు, బస్టాపు ఇంటి నుంచి 500 మీటర్ల నడకలో ఉందా లేదా అన్నది. వానకు ఆ దారి మునిగినా లెక్క మారదు. పెద్దావిడ మాత్రం గుమ్మం దాటలేదు.

• ఒక లక్ష్యం మరోదానికి ఎంత మేలో, ఎంత కీడో చెప్పడానికి 2016లో నిల్సన్, గ్రిగ్స్, విస్‌బెక్ ‘నేచర్’ పత్రికలో +3 నుంచి –3 దాకా ఒక కొలబద్ద ప్రతిపాదించారు.

• మేలుకు ఉదాహరణ: సూరత్‌లోని బమ్రోలీలో 2014 నుంచి మురుగునీటిని రోజుకు 4 కోట్ల లీటర్ల దాకా శుద్ధిచేసి పాండేసరా మిల్లులకు ఇచ్చే ఏర్పాటు ఉంది. మిల్లుకు నీళ్లు దొరికాయి, ఆ మేరకు మంచినీళ్లూ మిగిలాయి.

• కీడుకు ఉదాహరణ: మీఠీ ఖాడీ అనే వాగు. దాని పక్కన మట్టి పోసి ఇళ్లు కడితే గూడు లెక్క పెరుగుతుంది. దారి ఇరుకైన వాననీరు లింబాయత్, పర్వత్ పాటియా వీధుల్లోకి వస్తుంది.

• లింబాయత్‌లో మన పద్మశాలీలు చాలామంది ఉన్నారు. మరమగ్గాల మోతలో పక్కవాడి చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాలి. అదే మగ్గం ఉపాధి లెక్కను పెంచుతుంది, ఆరోగ్యం లెక్కను తగ్గిస్తుంది. సూరత్ నగరపాలక బడుల్లో తెలుగు మాధ్యమం ఉండటం వాళ్ల పిల్లలకు పెద్ద ఆసరా.

• సూరత్‌లో 1994 ప్లేగు తర్వాత, 1995లో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లో తిరగమన్నారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. ఆ నడక ఇప్పటికీ కావాలి. పర్వత్ పాటియాను కొలవాలంటే సరైన కాలం వానాకాలం, సరైన చోటు ఖాడీ గట్టు.