కక్కసు ఎక్కడి మాట?

హిందూపురం పాఠకుడొకరి ప్రశ్న ఇది: సరిహద్దు దాటి గౌరిబిదనూరు వెళ్తే అక్కడి కన్నడిగులు మరుగుదొడ్డిని ‘కక్కసు’ అంటారు, అది మన ‘కక్కు’ నుంచి పుట్టిందా? ముక్కు మూసుకుని దాటేయదగ్గ ప్రశ్న కాదు.

కాదు, అది డచ్చి మాట. ‘కక్’ అంటే మలం, ‘హౌస్’ అంటే ఇల్లు. ఇదే ఇండోనేషియాలో ‘కకుస్’, తమిళ మలయాళాల్లో ‘కక్కూస్’, సింహళంలో ‘కక్కుస్సియ’.

అసలు సరదా అంతా అది మారిన తీరులో ఉంది. డచ్చివారు ‘కక్’ను ఒత్తి, ‘హౌస్’ను తేల్చి పలుకుతారు. తేలిపోయిన ‘హ’ ముందుగా రాలిపోయింది. డచ్చి ‘హౌస్’లోని అచ్చు నిజానికి మన ‘ఔ’ కాదు, మన భాషల్లో దానికి అక్షరమే లేదు. అందుకే ఎవరికి వినిపించినట్టు వారు పలికారు: ఒకరు ‘ఊ’, ఒకరు ‘ఉ’, కన్నడిగులు ‘అ’. చివరి ‘స్’ను గాల్లో వదలడం కన్నడిగులకూ మనకూ అలవాటు లేదు. బస్సు, గ్లాసు అన్నట్టే ‘ఉ’ తగిలించి ‘కక్కసు’ చేశారు.

‘కక్కు’ వాదులు ఈ ‘సు’కు లెక్క చెప్పలేరు. సంస్కృత ‘కక్ష’ను లాక్కొచ్చేవారున్నారు, అదే నిజమైతే హిందీలోనూ ఈ అర్థం ఉండాలిగా? పోనీ పిల్లలు అనే ‘కక్క’? అదీ డచ్చి ‘కక్’కు చుట్టం కాదు. అది పసినోటి పలుకు, లోకంలో చాలాచోట్ల ఇలాంటి మాటలు వాటంతటవే పుట్టాయి.

పటం చూస్తే సందేహం తీరుతుంది. పులికాట్, కొలంబో, కొచ్చిన్, బటేవియా (నేటి జకార్తా): నాలుగూ డచ్చి కోటలే. పులికాట్‌లో 1610లో వారికి చోటిచ్చింది పెనుకొండలో గద్దెనెక్కిన విజయనగర రాజు వెంకటపతిరాయలే. అప్పటికి ఆయన రాజధాని పెనుకొండ దాటిపోయింది. కోటలు తీరాన ఉండిపోయినా మాట మాత్రం నోటినోటా లోపలికి నడిచింది.

దీనివల్ల ఉపయోగమా? బొత్తిగా లేదు. పైగా ఈ జాతి మాటలకు ఆయుష్షు తక్కువ. అసహ్యం అంటుకోగానే పేరు మార్చేస్తాం: పాయిఖానా, లెట్రిను, బాత్రూము. ఇవాళ ధర్మవరం జంక్షన్‌లో దిగిన కుర్రవాడు ‘వాష్‌రూమ్’ అడుగుతాడు. ఇండోనేషియాలోనూ కకుస్ మోటుమాటైపోయి, జనం ‘వేసే’ అంటున్నారు. డబ్ల్యూసీ అనే రెండక్షరాలను డచ్చివారు చదివే పద్ధతి అది.